పిడుదుల్లో క్యూ ఫీవర్ బ్యాక్టీరియా దొరికిందట, నాకైతే నమ్మకం కుదరడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి

మందస_మల్లి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, మందస పక్కన ఒక పల్లె. ఇంటి వెనక జీడితోట, దూరంగా మహేంద్రగిరి. జువాలజీలో ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీలో చేరాను, ఇప్పుడు రెండో ఏడు. టాపిక్ పశువుల మీది పిడుదులు, అవి మోసే రోగాలు. మా పిన్ని మాటల్లో అయితే, "ఇంత సదువు సదివి ఆవులకి పిడుదులు ఏరతంది మా గుంట."

ఏరడం నిజమే. తెల్లారి ఐదున్నరకి, పాలు పితికే వేళకి శాలలో ఉంటాను. అప్పుడు ఆవు కట్టేసి ఉంటుంది, ముందు తవుడు ఉంటుంది, నన్ను పెద్దగా పట్టించుకోదు. చిన్న టార్చి పళ్లతో పట్టుకుని చెవి లోపల, గంగడోలు మడతల్లో, పొదుగు చుట్టూ, తోక మొదట్లో వెతుకుతాను. పట్టకారు మొన చర్మానికి ఆనించి, పిడుదుని మూతి దగ్గర పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా లాగాలి. తొందరపడి పొట్ట పట్టుకుంటే మూతి ఆవు చర్మంలోనే ఉండిపోతుంది. మూతి లేని పిడుదు మైక్రోస్కోప్ కింద ఏ జాతిదో తేల్చాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఇప్పటికి ఆరు ఊళ్లు తిరిగాను. నాకు దొరికినవాటిలో ఎక్కువ రిపిసెఫాలస్ మైక్రోప్లస్. మూతి పొట్టిగా, తల అడుగుభాగం ఆరు పలకలుగా ఉంటుంది. హయలోమా కొన్నే. వాటి కాళ్లకి కడియాలు తొడిగినట్టు తెల్ల పట్టీలుంటాయి కాబట్టి శాలలోనే గుర్తుపట్టేస్తాను.

సిగ్గుపడుతూ ఒక సంగతి చెప్పాలి. పిడుదుల్ని ఆల్కహాల్‌లో వేసి పెట్టిన మొదటి ఊరి ట్యూబులన్నిటి మీదా మార్కర్ పెన్నుతో రాశాను. బస్సులో ఒక మూత వదులై ఆల్కహాల్ కారింది. ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే రాతంతా నీలం నీళ్లయిపోయింది. 14 ట్యూబులు, ఏది ఏ ఆవుదో తెలీదు. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇక అసలు విషయం. పోయిన నెల మైక్రోప్లస్ పిడుదుల్ని 5 చొప్పున కలిపి 20 పూల్స్ (గుంపులు) చేసి డీఎన్‌ఏ తీశాను. క్యూ ఫీవర్ తెచ్చే బ్యాక్టీరియా కాక్సియెల్లా బర్నెటీ కోసమని మా ల్యాబ్‌లో ఉన్న 16ఎస్ ప్రైమర్లతో (16ఎస్ అనే బ్యాక్టీరియా జన్యువుని వెతికిపట్టే డీఎన్‌ఏ ముక్కలు) పీసీఆర్ పెడితే 18 పూల్స్‌లో బ్యాండ్ వచ్చింది, అంటే ఉందని చెప్పే గీత జెల్ మీద కనిపించింది. అదే డీఎన్‌ఏలో ఆవులకి జ్వరం తెచ్చే పరాన్నజీవి థైలేరియా యాన్యులేటా 7 పూల్స్‌లో వచ్చింది. జెల్ ఫోటో చూడగానే మా గైడ్ గారి ముఖం వెలిగిపోయింది. శ్రీకాకుళం జిల్లాలో క్యూ ఫీవర్, పిడుదులే వాహకాలు అని అక్కడికక్కడే పేపర్ టైటిల్ చెప్పేశారు. నెలాఖరుకి రాసి పంపించమంటున్నారు.

నేను ఎగిరి గంతేయాలి. కానీ 20కి 18 అంటే, చుట్టూ ఉన్న ఆవులు ఈసుకుపోవాలి (నెలలు నిండకుండానే కడుపు పోవాలి) కదా? ఆవులు ఈసుకుపోయిందీ లేదు, ఊళ్లో జ్వరాలు ప్రత్యేకంగా పెరిగిందీ లేదు. మా అమ్మ పితికే ఆవు పిడుదులు కూడా ఆ 18లో ఉన్నాయి. అది శుభ్రంగా మేస్తోంది, ఈనింది, దూడ గంతులేస్తోంది.

దీనికి తోడు నేను ఫోన్లో ఫ్రెండుతో మాట్లాడుతుంటే పిన్ని వినేసింది. "ఏటే, మా ఆవు పాలల్లో పురుగుందంట గదా? పాల కేంద్రంవోళ్లకి తెలిస్తే నా గతేటి?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆవిడకి నెలకి వచ్చే డబ్బు ఆ పాల మీదే.

ఈ రిజల్టుని నమ్మొచ్చా? గైడ్‌తో ఎలా మాట్లాడాలి? పిన్నికి ఏం చెప్పాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.


రిటైర్డ్_పశువైద్యుడు

అమ్మా మల్లీ, నేను విజయనగరం జిల్లాలో పశువైద్యం చేసి రిటైరయ్యాను. సాలూరు, మెంటాడ, గజపతినగరం, చివర్లో చీపురుపల్లి వైపు. ముందు ఆ ట్యూబుల సంగతి. పెన్సిలుతో చిన్న కాగితం ముక్క మీద రాసి ట్యూబు లోపలే వేసెయ్. పెన్సిలు గీత ఆల్కహాల్‌కి చెరగదు. బయట ఏం రాసినా అది నీ తృప్తి కోసమే అనుకో.

కాక్సియెల్లా గురించి నాకు పెద్దగా తెలీదు, ఆ పని చేసేవాళ్లు ఎవరైనా చెబుతారు. థైలేరియా గురించి మాత్రం నేను చెప్పాల్సిందే. మైక్రోప్లస్ ఒకే పశువు మీద బతుకంతా గడిపే పిడుదు. ఆరు కాళ్ల పిల్లగా గడ్డి మీంచి ఆవుని ఎక్కిందంటే, ఎనిమిది కాళ్లు రావడం, పెద్దదవడం, జతకట్టడం అన్నీ ఆ ఆవు మీదే, దాదాపు మూడు వారాల్లో అయిపోతాయి. రక్తం తాగి ఉబ్బిన ఆడది కిందపడి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మరి ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకి రోగం వెళ్లాలంటే దారేది? గుడ్డు ఒక్కటే. బబీసియా బైజెమినా అనే ఇంకో పరాన్నజీవి ఆ దారినే వెళుతుంది, తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లలోకి. థైలేరియా యాన్యులేటా గుడ్డులోకి వెళ్లదు. అయినా నీ 7 పూల్స్‌లో కనిపించిందంటే పిడుదు పొట్టలో ఉన్న ఆవు రక్తంలోంచి వచ్చి ఉంటుంది. పిడుదు పేరు చెప్పి నువ్వు ఆవుకే పరీక్ష చేశావు.

యాన్యులేటాని మోసేది హయలోమా. అది చిన్నప్పుడు ఒక పశువు దగ్గర ఆ పరాన్నజీవిని తాగి, కిందపడి, గోడ పగుళ్లలో దూరి పొర విడిచి, పెద్దదై ఇంకో పశువుని పట్టుకుంటుంది. అందుకే ఈ రోగం శాలలో ఉంటుంది, మేత బీడులో వెతికితే దొరకదు.

మెంటాడ వైపు ఒకాయన అప్పు చేసి జెర్సీ ఆవుని కొన్నాడు. నాలుగో వారంలో నాకు కబురు. జ్వరం 106, భుజం ముందు గడ్డ నిమ్మకాయంత, చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా. బుపార్వాక్వోన్ ఇంజక్షన్ తెప్పించి చేశాం, కానీ అప్పటికే ఆలస్యమైంది, మర్నాడు సాయంత్రం పోయింది. అదే శాలలో రెండు నాటు ఎద్దులు నిక్షేపంగా నెమరేస్తున్నాయి. ఆయన వాటి వంక చూసి "ఈటికేటీ రాలేదేటి బాబూ" అన్నాడు. వాటి చెవి నరం నుంచి చుక్క రక్తం తీసి గాజు పలక మీద పూసి మైక్రోస్కోప్‌లో చూస్తే, ఒకదానిలో అక్కడో కణం ఇక్కడో కణం, థైలేరియా ఉంది. నాటు పశువు దాన్ని ఒంట్లో పెట్టుకుని బతికేస్తుంది. కొత్తగా వచ్చిన జెర్సీకి ఆ శక్తి లేదు. ఆ శాలది మట్టిగోడ, పగుళ్లు గీకితే గుప్పెడు హయలోమాలు రాలాయి.

కాబట్టి నీ 7 పూల్స్ ఊరికే పోలేదు. మీ పిన్ని రేపు నారాయణవలస సంతలోనో ఎక్కడో జెర్సీ ఆవుని కొని తెచ్చి అదే శాలలో కట్టిందనుకో, నీ ఫలితం ఆమెకి అప్పుడు పనికొస్తుంది. ముందే పగుళ్లు పూడేలా గోడలు మెత్తించమని చెప్పు. టీకా కూడా ఉంది, హైదరాబాద్‌లోనే తయారవుతుంది, మీ ఊరి డాక్టరుని అడగమను.

ఇంకో మాట. 1893లో అమెరికాలో స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు, ఆ బబీసియా పశువులకి తెచ్చే టెక్సాస్ జ్వరం పిడుదుల వల్లే వస్తుందని తేల్చారు. వాళ్లు చేసిన పనుల్లో ఒకటి, ల్యాబులో గుడ్లు పొదిగించి, ఇంకా రక్తం ముట్టని పిల్లల్ని ఆరోగ్యంగా ఉన్న పశువు మీద వదలడం. జ్వరం వచ్చింది. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియాని చూసింది 1897లో. అంటే మన పిడుదు దోమ కంటే నాలుగేళ్లు సీనియర్. నువ్వూ పిల్లల్ని పొదిగించి చూడు. ఆవు రక్తం గొడవ ఉండదు.


జీడితోట_అబ్బాయి

పలాస వైపు మాది. టాపిక్ మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా తోటలో పని చేసే ఆమెకి జ్వరం తగ్గకపోతే స్క్రబ్ టైఫస్ అన్నారు. అది కూడా పిడుదు వల్లేనా? కర్ణాటకలో కోతుల జ్వరం అంటున్నారు, అది మనకీ వస్తుందా? తోటలోకి వెళ్లాలంటే ఇంట్లో ఆడవాళ్లు భయపడుతున్నారు.


పీహెచ్‌సీ_ల్యాబ్

జీడితోట గారూ, స్క్రబ్ టైఫస్ పిడుదు వల్ల రాదు. దాన్ని అంటించేది మైట్ అనే చిన్న పురుగు పిల్ల (మంచాల్లో ఉండే నల్లి కాదు), కంటికి సరిగా ఆనదు కూడా. ఒరియెన్షియా సుట్సుగముషి అనే బ్యాక్టీరియా దాని కాటుతో ఒంట్లోకి వెళుతుంది. కరిచినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు వస్తుంది, నొప్పి ఉండదు. చంకలో, గజ్జల్లో, బ్లౌజు అంచు కింద ఉంటే మనిషికే తెలీదు, అందుకే అడిగి చూడాలి. అందరికీ ఆ పొక్కు ఉండదు కూడా. డాక్సీసైక్లిన్‌కి బాగా లొంగుతుంది, ఆలస్యం చేస్తేనే ప్రమాదం. జ్వరం ఐదు రోజులు దాటితే తోటలో పని చేస్తానని డాక్టరుకి చెప్పమనండి.

కర్ణాటకది వేరు. 1957లో షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చనిపోతుంటే బయటపడిన వైరస్ అది. దాన్ని మోసే ప్రధాన పిడుదు హీమాఫైసాలిస్ స్పినిజెరా, అడవి పిడుదు. మల్లి గారు చెబుతున్న ఆవు పిడుదుకీ దానికీ చుట్టరికం దూరం. తోటలోకి వెళ్లేటప్పుడు ప్యాంటు అంచులు సాక్సులో దోపుకోవడం, వచ్చాక స్నానం చేసి ఒళ్లు చూసుకోవడం, అంతే. పిడుదు పట్టుకుంటే కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు, మల్లి గారు చెప్పిన పట్టకారు పద్ధతే మంచిది. గోటితో చిదమకండి.


బొబ్బిలి_బెంచ్

మల్లి గారూ, నాది బొబ్బిలి. పిడుదుల్లో ఉండే బ్యాక్టీరియా మీదే నా పీహెచ్‌డీ అయింది. మీ పోస్టు చదివి నవ్వొచ్చింది, మీ మీద కాదు, నా మొదటి జెల్ గుర్తొచ్చి. నాకూ ఇలాగే దాదాపు అన్ని పిడుదుల్లోనూ కాక్సియెల్లా వచ్చింది, నేను మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

రక్తం ఒక్కటే తాగి బతికే ప్రాణికి బి విటమిన్లు చాలవు. ఆ లోటు తీర్చడానికి చాలా పిడుదులు ఒంట్లో ఒక బ్యాక్టీరియాని పెంచుకుంటాయి. బయోటిన్, ఫోలేట్, రైబోఫ్లేవిన్ లాంటివి అది తయారుచేసి పెడుతుంది. మన ఇంట్లో పాలేరు లాంటిది అనుకోండి, తరాలుగా ఇక్కడే ఉంటాడు, తల్లి పిడుదు నుంచి గుడ్డు ద్వారా పిల్లకి వస్తాడు. మైక్రోప్లస్‌లో ఆ పాలేరు కాక్సియెల్లాకి దగ్గరి బంధువు. పేరే కాక్సియెల్లా లాంటి సహజీవి. యాంటీబయోటిక్‌తో దాన్ని దెబ్బతీస్తే పిడుదు సరిగా ఎదగదు. ఆవుకి గాని, మీ పిన్నికి గాని దాని వల్ల హాని జరిగినట్టు లేదు.

చిక్కేమిటంటే, 16ఎస్ ప్రైమర్లు ఈ పాలేరునీ, క్యూ ఫీవర్ తెచ్చే అసలు బర్నెటీనీ విడదీయలేవు. ఇద్దరికీ ఒకే బ్యాండ్. బర్నెటీకి గుర్తుగా వాడే ఐఎస్ 1111 అనే భాగం కూడా కొన్ని సహజీవుల్లో దొరికింది కాబట్టి అది ఒక్కటే చూసి సంతకం పెట్టేయకండి. ఆ బ్యాండు కోసి సీక్వెన్స్‌కి (డీఎన్‌ఏ అక్షరాల వరుస చదవడానికి) పంపండి, 16ఎస్‌తో పాటు ఇంకో రెండు మూడు జన్యువులు కూడా చూడండి. వాటిని పోల్చి వంశవృక్షం గీస్తే మీది ఏ కొమ్మ మీద కూర్చుంటుందో తెలిసిపోతుంది.

డాక్టరు గారు చెప్పిన పొదిగించే పని తప్పకుండా చేయండి, కానీ దానికి ఎంత విలువో తెలుసుకుని చేయండి. రక్తం ముట్టని పిల్లల్లో కాక్సియెల్లా వస్తే, అది ఆవు రక్తంలోంచి రాలేదని రుజువవుతుంది. అది పాలేరా, దొంగా అన్నది తేలదు, ఎందుకంటే బర్నెటీ కూడా పిడుదు గుడ్డులోకి వెళ్లగలదు. ఆ మాట చెప్పేది సీక్వెన్స్ ఒక్కటే.

ఇంకోటి, నాకు 18 కంటే ఆ మిగిలిన 2 మీద కుతూహలంగా ఉంది. సహజీవి అయితే ప్రతి పూల్‌లోనూ ఉండాలి. 5 పిడుదుల పూల్ నెగటివ్ రావడమంటే ఐదింటిలోనూ లేదని అర్థం. అలా జరగడం కష్టం. ఆ రెండు పూల్స్‌లో పిడుదు సొంత జన్యువు ఏదైనా పీసీఆర్‌లో వస్తోందా? ఉబ్బిన పిడుదులైతే రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అనే పదార్థం పీసీఆర్‌ని ఆపేస్తుంది. డీఎన్‌ఏని పదో వంతుకి పలచన చేసి మళ్లీ పెట్టండి. నీళ్లు మాత్రమే వేసిన కంట్రోల్, అసలు పిడుదే లేకుండా తీసిన ఖాళీ ఎక్స్‌ట్రాక్షన్, రెండూ శుభ్రంగా ఉన్నాయో లేదో కూడా చెప్పండి.

రాసేటప్పుడు జాగ్రత్త. 20కి 18 కాబట్టి 90 శాతం అని రాస్తే పేపర్‌ని పరిశీలించే రివ్యూయర్ చీల్చేస్తాడు. 18 పూల్స్ పాజిటివ్ అంటే 100 పిడుదుల్లో కనీసం 18, మహా అయితే 90. ఎన్నో మీకు తెలీదు.

గైడ్ విషయం. మీ రిజల్టు తప్పని చెప్పకండి. "సార్, రివ్యూయర్ సహజీవి అని అడిగితే ఏం చెబుదాం, సీక్వెన్స్ చేసి పెట్టుకుందామా" అనండి. పదేళ్లుగా ఈ పేపర్లు చూస్తున్నాను, ఆ ప్రశ్న రాకుండా ఉండదు. పెద్దవాళ్లకి పరువు కాపాడుకునే దారి చూపిస్తే ఆ దారినే వస్తారు.

మీ పిన్నికి చెప్పాల్సింది ఇది. క్యూ ఫీవర్ పశువుల నుంచి మనిషికి వచ్చేది ప్రధానంగా ఈతప్పుడు, ఆ మాయ, ఆ నీళ్లు ఆరిపోయి గాల్లో కలిసిన ధూళి పీల్చడం వల్ల. పిడుదు పాత్ర మనుషుల విషయంలో చాలా తక్కువ. 1930లలో ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ దగ్గర కబేళా పనివాళ్లకి అంతుపట్టని జ్వరం వస్తే, క్వెరీ (ప్రశ్న) అన్న ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరం పెట్టి క్యూ ఫీవర్ అన్నారు, వాళ్లకీ పిడుదు కుట్టి రాలేదు. ఇక పాలంటారా, మన ఇళ్లలో పొంగు రాకుండా ఎవరు తాగుతారు.


మందస_మల్లి

డాక్టరు గారూ, బొబ్బిలి గారూ, మీ ఇద్దరికీ దండం. కంట్రోళ్లు రెండూ శుభ్రంగానే ఉన్నాయి, ఆ ఒక్కటీ సరిగ్గా చేశాను. ఆ 2 పూల్స్ నోట్‌బుక్‌లో చూస్తే రెండూ బాగా ఉబ్బిన ఆడవే. పొదిగించడం ఎలాగో కాస్త చెప్పండి. మా ల్యాబ్‌లో ఇంక్యుబేటర్ ఖాళీ లేదు, వేరేవాళ్ల బ్యాక్టీరియా ప్లేట్లున్నాయి. పిడుదులు పెడతానంటే కొట్టేలా ఉన్నారు.


రిటైర్డ్_పశువైద్యుడు

తనంతట తాను రాలబోయే ఆడదాన్ని ఏరుకో, లాగిన దాని కంటే అది బాగా పెడుతుంది. నీళ్లతో కడిగి, తుడిచి, ఒక్కోదాన్ని ఒక్కో గాజు గొట్టంలో వేసి దూది బిరడా పెట్టు. ఎండిపోతే గుడ్లు ముడుచుకుపోతాయి, తడిసిపోతే బూజు పడుతుంది. ఆ మధ్యలో ఉండాలి.


బొబ్బిలి_బెంచ్

మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బా అడుగున పొటాషియం క్లోరైడ్ బాగా చిక్కగా, ఉప్పు అడుగున మిగిలేటంతగా నీళ్లలో కలిపి ఒక గిన్నెలో పెట్టండి. లోపల తేమ 85 శాతం దగ్గర నిలబడుతుంది. గొట్టాలు ఆ నీళ్లకి తగలకుండా పైన నిలబెట్టండి. 28 డిగ్రీల దగ్గర మూడు నాలుగు వారాలు పడుతుంది. మందస ఎండకి ఇంక్యుబేటర్ ఎందుకండీ. డబ్బా కింద నీళ్ల పళ్లెం పెట్టడం మర్చిపోకండి, చీమలు వస్తాయి.


మందస_మల్లి (ఆరు వారాల తర్వాత)

మళ్లీ వచ్చాను. ఏమైందో మీకు చెప్పాలి కదా.

డబ్బా ఇంట్లోనే పెట్టాను, బియ్యం డ్రమ్ము పక్కన. అమ్మకి ఏం ఉందో చెప్పలేదు. ఐదు పిడుదులు పెట్టాను. నాలుగో రోజుకి గుడ్లు మొదలయ్యాయి. ముదురు గోధుమరంగు, సగ్గుబియ్యం ఉడికినట్టు ఒకదానికొకటి అంటుకుని కుప్పగా. పిడుదు గుడ్డుని బయటికి తీసి, తలతో తుడిచినట్టు చేసి పక్కన పెడుతుంది. గంటసేపు చూస్తూ కూర్చున్నాను, భోజనానికి పిలిచినా లేవలేదు. నీళ్ల పళ్లెం ఆరిపోయి ఒక గొట్టానికి చీమలు పట్టేశాయి. చెప్పినా వినలేదు, నాదే తప్పు. మిగతా నాలుగూ నాలుగో వారంలో పిల్లలయ్యాయి. దూది మీద నల్లటి ఆవాలు కదులుతున్నట్టు వేలకి వేలు. ఊపిరి తగిలితే చాలు, అన్నీ ముందు కాళ్లు పైకెత్తి చాపుతాయి.

నాలుగు గొట్టాల పిల్లల్లోనూ కాక్సియెల్లా బ్యాండ్ వచ్చింది. థైలేరియా ఒక్కదానిలోనూ రాలేదు. ఆ తల్లుల్లో ఒకదానిలో థైలేరియా ఉంది, పిల్లల్లో లేదు. డాక్టరు గారూ, మీరు చెప్పింది జెల్ మీద కళ్లారా చూశాను. నెగటివ్ వచ్చిన ఆ 2 పూల్స్ పదో వంతుకి పలచన చేసి పెడితే రెండింటిలోనూ బ్యాండ్ వచ్చింది. అంటే 20కి 20.

సీక్వెన్సులు పోయిన బుధవారం వచ్చాయి. మూడు జన్యువులకీ అదే మాట. ఇతర మైక్రోప్లస్ పిడుదుల సహజీవుల పక్కనే కూర్చుంది, బర్నెటీ కొమ్మకి దూరంగా. పాలేరే.

గైడ్ గారితో బొబ్బిలి గారు చెప్పినట్టే మాట్లాడాను. ముందు కాసేపు మౌనం. "అయితే పేపర్ పోయినట్టేనా" అన్నారు. పోలేదు సార్, టైటిల్ మారుతుంది అన్నాను. మళ్లీ మౌనం. చివరికి హయలోమాని, నాటు ఆవుల్లో థైలేరియాని పట్టుకుని రాద్దామన్నారు. అది ముందే తన ఆలోచన అన్నట్టు చెప్పారు, పోనీలెండి.

పిన్నికి చెప్పడం మాత్రం ఇంకా కష్టమైంది. పిడుదు కడుపులో దాని సొంత పురుగు ఉంటుంది, అది దానికి బలం మందు, పాలల్లోకి రాదు అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి ఆ పురుగుని సంపేత్తే పిడుదు సస్తాది గదా, ఆ మందేదో కనిపెట్టవే" అంది. నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఆ దారిలో ఆలోచిస్తున్నవాళ్లు నిజంగానే ఉన్నారని తర్వాత చదివాను. మందు కొట్టీ కొట్టీ డెల్టామెత్రిన్‌కి లొంగని పిడుదులు పెరిగిపోతున్నాయి కదా, పిన్ని కూడా రెండేళ్లుగా అదే అంటోంది, "నీళ్లు జల్లినట్టే ఉంది" అని.

ఇప్పుడు టీ ఇస్తోంది లెండి.

డాక్టరు గారూ, వచ్చే వారం నుంచి శాల గోడల్లో హయలోమాలు వెతకాలి. ఆ పగుళ్లు దేనితో గీకేవారు? పట్టకారు లోపలికి వెళ్లడం లేదు, పుల్ల పెడితే పిడుదు నలిగిపోతోంది.


రిటైర్డ్_పశువైద్యుడు

పాత హ్యాక్సా బ్లేడు, పళ్ల వైపు కాకుండా వెనక వైపుతో. గోడకి ఆనించి కింద తెల్ల పంచె పరుచుకో, రాలినవి కనిపిస్తాయి. పొద్దున్న కోళ్లని వదలకముందే వెళ్లు, లేకపోతే నీకంటే ముందు అవి ఏరేస్తాయి.